చుట్టూ గోడే, దారేదీ?

జనం నిలబడి ఎత్తిపోతల జలపాతం చూసేందుకు కడుతున్న అరుగు మీద ఈ రోజు నేనే ఇరుక్కుపోయాను. దాని ప్లాను గీసిన ఓవర్సీర్నీ నేనే.

లోయ అంచున కూర్చుని కొలతలు తీసుకుంటున్నాను. నీళ్ళ హోరులో ఏమీ వినపడలేదు. లేచి చూస్తే నా వెనకవైపు కూడా మొలెత్తు గోడ లేచింది.

"ఏంది బాబాయ్, నేను లోపలున్నాగా!" అని మేస్త్రి మీద అరిచాను.

"ప్లానులో చుట్టూ గోడే ఉంది సార్. సందు యాడా లేదు."

నిజమే, దారి గీయడం మర్చిపోయాను. గోడ దాటబోతే, "పచ్చిగా ఉంది, చెయ్యేస్తే కూలిద్ది" అని ఆపాడు. పోనీ నాలుగు రాళ్ళు తియ్యమన్నాను.

"ప్లానులో లేవని మొన్న అరుగెక్కడానికి నేను కట్టిన మెట్లు మీరే పీకించారుగా! గీసియ్యండి, తీస్తా" అంటూ ప్లానూ పెన్సిలూ గోడ మీదుగా అందించాడు.

వచ్చిన జనమంతా జలపాతాన్ని వదిలేసి నన్నే చూస్తున్నారు. లోపల నిలబడి నా దారి నేనే గీసుకున్నాను.

మీరైతే ఆ మెట్లు కూడా గీసేవాళ్ళా? నేను గీశాను, తలెత్తకుండా.