ఉత్తరం తలాపు

యూనుస్ చేసిన మంచం కిర్రుమనదని ప్రొద్దుటూరులో పేరు. పెళ్ళిళ్ళకు అతని చేతి మంచమే కావాలని జమ్మలమడుగు నుంచి కూడా బండి కట్టుకుని వచ్చేవాళ్ళు. అతని ఇంట్లో మాత్రం ఉన్నది ఒక్కటే మంచం. పక్షవాతం వచ్చిన తల్లి ఖాతూన్‌బీ నాలుగేళ్ళుగా దాని మీదే ఉంది. పిల్లలు ముగ్గురూ నేల మీద చాప పరుచుకుని పడుకునేవాళ్ళు.

ఒకప్పుడు నలుగురు. రెండేళ్ళ కిందట తొలకరి వాన పడిన రోజు గోడ పగుల్లోంచి ఎర్రతేలు వచ్చి చిన్నది మైమూన్‌ను కుట్టింది. మంత్రించారు, ఆకుపసరు పోశారు. మరునాటికి పాప లేదు. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలమూ, వాన వచ్చేలోగా పిల్లలకు ఒక మంచం చెయ్యాలని యూనుస్ అనుకుంటూనే ఉన్నాడు. అతని చేతికి వచ్చే కట్టె ఎప్పుడూ ఇంకొకరిది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తొండూరు రైతు ఆదినారాయణరెడ్డి పిల్లల చదువు కోసం ప్రొద్దుటూరులో చిన్న మిద్దె తీసుకున్నాడు. తన పిల్లలు ఇద్దరు, చనిపోయిన తమ్ముడి పిల్లలు ఇద్దరు. నలుగురికీ కలిపి ఒకటే గది. వెడల్పు ఆరడుగులు, పొడవు పది. రెండు మంచాలు వేస్తే మనిషి నడిచే దారి ఉండదు.

యూనుస్ గదిని అడుగులతో కొలిచి, పైకప్పు వైపు చాలాసేపు చూశాడు. వయసులో ఉన్నప్పుడు గుంతకల్లులో రెండేళ్ళు రైలు పెట్టెల్లో చెక్కపని చేశాడు.

"రైలు పెట్టెలో మాదిరి ఒకదాని మీద ఒకటి కడదాం రెడ్డీ. కింద ఇద్దరు, మీద ఇద్దరు. ఈ పక్క నడిచేదానికి జాగా మిగులుతాది."

"మీదోడు వచ్చి కిందోని మీద పడితే?"

"నేను కట్టిన మంచం మీద నుంచి పడినాడంటే వాడు కావాలని దూకినట్టే."

ఆదినారాయణరెడ్డి నవ్వాడు. రెండేళ్ళ కిందట పొలంలో కొట్టించిన వేపమాను కోయించి ఆరబెట్టినది తొండూరులో ఉందని, బండికి ఎత్తించి పంపుతానని చెప్పాడు. కూలి మాట వచ్చినప్పుడు యూనుస్ తల వంచుకుని అన్నాడు:

"కూలి సగమే ఇయ్యి రెడ్డీ. మిగిలిన కట్టె నాకు ఇడిసిపెట్టు. మా పిల్లోళ్ళు నేల మీద పండుకుంటాండారు."

"తీసుకోప్పా. నాకేం చేసుకునేదానికి?"

కట్టె దిగిన రోజే యూనుస్ దాన్ని రెండు వాములుగా పేర్చాడు. పెద్దది రెడ్డి పిల్లలకు. గోడవారన పెట్టిన చిన్న వాములో మంచం కోళ్ళకని నాలుగు మందపాటి నిలువు కట్టెలు, వాటికి సరిపడే పట్టెల కట్టె ఉన్నాయి. ముగ్గురు పిల్లలు అడ్డంగా పడుకునే పొట్టి మంచానికి అది చాలు. ఇంటికి వెళ్ళి భార్య షాహీదాబీతో ఆ మాట చెబితే, ఆమె చేటలో బియ్యం ఏరుతూ, "వానకు ముందే ఐతాదా?" అని మాత్రం అడిగింది.

గది తలుపు ఇరుకు. మంచాన్ని బయట చేసి లోపలికి తేవడం కుదరదు. లోపలే నిలబెట్టి కట్టాలి. గది వెడల్పు చాలదు గనక మంచం గది పొడవునా, ఉత్తర దక్షిణాలుగానే పడాలి. తల వైపు కోళ్ళను గోడలోకి దింపి బిగించాలి. తల వైపు మూడు వేళ్ళు ఎత్తు, కాళ్ళ వైపు పల్లం. కాళ్ళ వైపు జానెడు మేర నులక అల్లకుండా, బిగింపు తాళ్ళు వదలాలి. ఒకసారి బెజ్జాలు కొట్టాక ఇక మార్చడం ఉండదు. అందుకే మొదటి బెజ్జం కొట్టేముందు యూనుస్ అడిగాడు.

"తలాపు ఎటు పెట్టమంటావు రెడ్డీ?"

ఆదినారాయణరెడ్డి తొండూరుకు బయలుదేరే తొందరలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. "ఇన్నేండ్లుగా మంచాలు చేస్తాండావు, నన్ను అడుగుతావేందప్పా? పద్ధతి ప్రకారం పెట్టు."

యూనుస్ పద్ధతి ప్రకారమే పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా మంచాలు చేస్తున్నా దిక్కు సంగతి అతనికి ఎప్పుడూ పట్టలేదు. మంచం చేసి ఇవ్వడం వరకే అతని పని, ఎటు తిప్పుకుని వేసుకుంటారన్నది వాళ్ళిష్టం. దిక్కు నిర్ణయించవలసి రావడం ఇదే మొదలు. తండ్రి పీర్ సాహెబ్ చిన్నప్పుడు నేర్పింది అతని ఒంట్లోనే ఉంది: తల ఉత్తరానికి పెట్టి, కుడిపక్కకు ఒత్తిగిలితే ముఖం మక్కా ఉన్న పడమటికి ఉంటుంది. చివరకు మట్టిలో పడుకునేది కూడా అట్లాగే కాబట్టి రోజూ అలవాటు చేసుకోవాలనేవాడు తండ్రి. యూనుస్ ఉత్తరపు గోడలో గుంతలు తవ్వి కోళ్ళు దించాడు.

ఇరవై రోజులు పట్టింది. నిచ్చెన మెట్లు పిల్లల అరికాళ్ళకు గుచ్చుకోకుండా అంచులు అరగదీశాడు. పై మంచం మీద తానే ఎక్కి పడుకుని అటూ ఇటూ దొర్లి చూశాడు. చప్పుడు లేదు. రెడ్డి తమ్ముడి కొడుకు, ఏడేళ్ళవాడు, రోజూ బడి నుంచి వచ్చి, పై మంచం తనదేనని అందరితో పోట్లాడేవాడు.

పని పూర్తయిన రోజు తొండూరు నుంచి ఆదినారాయణరెడ్డి తల్లి సుబ్బరత్నమ్మ వచ్చింది. గడప దాటి మంచాన్ని పై నుంచి కిందికి చూసి, కోడు మీద చెయ్యి వేసి నిమిరింది. "బాగుండాదప్పా సాయిబూ. గోపురం కట్టినట్టు కట్టినావు," అంది. తర్వాత నిచ్చెన ఎటు ఉందో చూసింది. మళ్ళీ గోడ వైపు చూసింది.

"తలాపు ఇటా?"

"అవునమ్మా."

"ఉత్తరానికా?"

యూనుస్‌కు అప్పుడు తెలిసింది. చేతిలోని ఉలిని నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఉత్తరానికి తల పెట్టుకున్న ఏనుగుకే తల పోయ," అంది సుబ్బరత్నమ్మ. కేకలు వేయలేదు. "వీళ్ళు నలుగురు పిల్లోళ్ళు. అందులో ఇద్దరు తండ్రి లేనోళ్ళు."

ఆదినారాయణరెడ్డి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పద్ధతి ప్రకారం పెట్టమంటి కదప్పా."

"పద్ధతి ప్రకారమే పెట్టినా రెడ్డీ."

ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేకపోయారు.

"తలగడ ఇటు పక్కకు మార్చుకుంటే?" అని అడిగాడు రెడ్డి.

"తల పల్లంలో పడతాది. అదీ తాళ్ళ సందులో," అన్నాడు యూనుస్. అబద్ధం చెప్పడం అతనికి చేతనయ్యే పనే కాని, మంచం విషయంలో చేతకాదు.

మార్చాలంటే దక్షిణం వైపు ఎత్తు కావాలి. బెజ్జాలన్నీ మూడు వేళ్ళు అటూ ఇటూ జరగాలి. పాత బెజ్జాల్లో చెక్క కొట్టి పూడ్చి, పక్కనే కొత్తవి తొలచవచ్చు. పైన రంగు పూస్తే రెడ్డికి కాదు కదా, ఇంకో వడ్రంగికి కూడా కనిపించదు. గోడవారన చిన్న వాము అట్లాగే ఉంటుంది. యూనుస్ ఆ రోజంతా అదే ఆలోచించాడు. అట్లా పక్కపక్కన తొలిచిన కోడు ఏడాదికో రెండేళ్ళకో చీలుతుంది. పై మంచం మీద ఆ ఏడేళ్ళవాడు ఉంటాడు.

మరునాడు చిన్న వాము విప్పాడు. నాలుగు మందపాటి కట్టెలూ, పట్టెల కట్టె కూడా రెడ్డి మంచానికి పోయాయి. మరో పది రోజులు పనిచేశాడు. ఆ పది రోజులకు కూలి అడగలేదు, రెడ్డి ఇస్తానంటే తీసుకోలేదు.

పాత కోళ్ళు నాలుగూ వాకిట్లో పడి ఉన్నాయి. బెజ్జాలు తప్పితే గట్టి వేప. పైముక్క కోసేస్తే పొట్టి మంచానికి బాగా సరిపోతాయి. పట్టెలు ఎట్లాగో సంపాదించుకోవచ్చు. చివరి రోజు సామాన్లు సర్దుకుంటూ యూనుస్ అడిగాడు.

"ఈ పాత కోళ్ళు తీసుకపోతానమ్మా."

సుబ్బరత్నమ్మ పనిమనిషిని పిలిచి, వాటిని చీల్చి నీళ్ళ పొయ్యికి వెయ్యమని చెబుతూ ఉంది. అతని మాటకు ఆగి దగ్గరికి వచ్చింది.

"వద్దప్పా. ఉత్తరం తలాపు పెట్టిన కట్టె అది. ఆ కీడు నీ పిల్లోళ్ళకు ఎందుకు? ఇంట్లో ఒక బిడ్డ పాయ అంటివే, అది సాలదా?"

ఆమె గొంతులో నిజమైన దిగులు ఉంది. యూనుస్ తన ఇంట్లో ఆ దిక్కు కీడు కాదని చెప్పవచ్చు. చెబితే, నలుగురు పిల్లలున్న ఇంటి గడప మీద నిలబడి వాళ్ళ దేవుడితో వాదించినట్టు ఉంటుంది. పైగా ఆమె అతని పిల్లల మేలు కోరే అంటోంది.

"సరేలే అమ్మా," అన్నాడు.

ఆమె ఒక చేటలో జొన్నలు, వాటి మీద బెల్లం ముద్ద పెట్టి ఇచ్చింది. గొడ్డలి దెబ్బలు వీధి మలుపు దాకా వినిపించాయి. మిగిలిన వాములోంచి అతనికి దక్కినవి జానెడు, మూరెడు ముక్కలు.

ఆ ముక్కలను షాహీదాబీ ముందు పోశాడు. ఆమె వాటిని ఒకసారి తిరగేసి చూసింది.

"పీటలు చేసుకో," అంది. "పీట మీద పండుకోమంటాంలే."

అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు.

మృగశిర పుట్టిన రెండో రోజు సాయంత్రం దక్షిణాన మబ్బు పట్టింది. మట్టి వాసన ముందు వచ్చింది, వెనకే వాన. గోడ పగుళ్ళకు యూనుస్ మధ్యాహ్నమే సున్నం కూరాడు. నిరుడు కూడా కూరాడు. షాహీదాబీ చాప దులిపి, దులిపిన చోటే మళ్ళీ దులుపుతోంది. సలీం, రషీదా, చిన్నవాడు దావూద్, ముగ్గురూ గోడకు దూరంగా, ఒకరి మీద ఒకరు పడేటట్టు కూర్చున్నారు. చాప పరచమని ఎవరూ అడగలేదు.

"యూనుసూ," అంది మంచం మీద నుంచి ఖాతూన్‌బీ. "నన్ను దించు."

"ఊరుకోమ్మా."

"నిరుడూ ఇదే చెప్పితి. దించు. నన్ను తేలు కుడితే ఏమి, కుట్టకపోతే ఏమి? ఈ పక్క కుట్టినా ఎట్లాగూ తెలీదు."

యూనుస్ షాహీదాబీ వైపు చూశాడు. ఆమె చాప పరిచి, అంచులు సరిచేసి, పక్కకు జరిగింది. కాదనలేదు.

అతను తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆరిన వేపకట్టె అంత బరువు కూడా లేదు. చాప మీద తల ఉత్తరానికి వచ్చేటట్టు పడుకోబెట్టి, చెయ్యి కదలని పక్కను సర్ది, తల కింద గుడ్డమూట పెట్టాడు. పిల్లలు మంచం ఎక్కి అడ్డంగా పడుకున్నారు. నులక వాళ్ళ బరువుకు కొద్దిగా కుంగింది కాని, మంచం చప్పుడు చెయ్యలేదు.

ఖాతూన్‌బీ కళ్ళు తిప్పి గోడల్ని ఒకటొకటిగా చూసింది.

"తలాపు సరిగ్గానే పెట్టినావులే," అంది.

యూనుస్ లాంతరు తెచ్చి ఆమెకూ గోడకూ మధ్య పెట్టి, చేతిలో చెప్పు పట్టుకుని, అక్కడే కూర్చున్నాడు.