ఊరగాయ జాడీ మీద స్పీకరు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో స్పీకరు ఉండేది బల్ల మీద కాదు, కుండ మూతి మీద.

నాన్నగారు కడియం దగ్గర ఒక బడిలో సైన్సు మాస్టారు. పాత టేపురికార్డరు ఒకటి కొన్నారు. దాని స్పీకరు చిరిగిపోయి ఉంది. నా తమ్ముడు ప్రసాదు ఎక్కడో విడి స్పీకరు ఒకటి సంపాదించాడు. తీగలు కలిపి, ఖాళీ మంచినీళ్ళ కుండను చుట్టకుదురు మీద నిలబెట్టి, దాని మూతి మీద స్పీకరు బోర్లించాడు. సావిడంతా మోగిపోయింది...

మాకున్న క్యాసెట్ ఒక్కటే. అందులో అమ్మ పాడిన కీర్తన. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ ఆదివారం ఆరాధనకు చర్చికి రాలేకపోయేది. ఆమె కోసమే నాన్నగారు ఆ పాట రికార్డు చేశారు.

రికార్డు చేసిన రోజు వీధి తలుపు వేశాం. గడియారం తీసి పెరట్లో పెట్టాం. నాయనమ్మకు పాట వింటే గొంతు కలపకుండా ఉండడం చేతకాదు. అమ్మ భయం అదే.

"అత్తయ్యగారూ, ఈ ఒక్కసారికీ మీరు పాడకండి."

"నేనెందుకు పాడతానే... నోట్లో తాంబూలం పెట్టుకుని కూర్చుంటాను. పెదవి విప్పితే అప్పుడడుగు."

అన్నట్టే గోడకు ఆనుకుని, బుగ్గన తాంబూలంతో, కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదవి విప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

తరవాత కుండ మీద వేసి వింటే పాట బాగా వచ్చింది. కానీ వెనక ఏదో గుయ్యిమనే రొద... కుండలో తుమ్మెద దూరినట్టు.

"తప్పు కుండదే," అన్నాడు ప్రసాదు.

అక్కడ మొదలైంది. కాగు పెట్టి చూశాం. గంగాళం పెట్టి చూశాం, పళ్ళు జివ్వుమన్నాయి. నాన్నగారు ఒకటే చెప్పేవారు. "వాల్యూమ్ ముట్టుకోకండి. కుండ ఒక్కటే మార్చండి. రెండూ మారిస్తే ఏది బాగుందో మీకెలా తెలుస్తుంది?"

అందరికంటే హుషారు నాయనమ్మకే. "ఆ కాగు పనికిరాదర్రా, మట్టి మంచిది కాదు. ఇదిగో, నా ఊరగాయ జాడీ పెట్టి చూడండి," అని తన మాగాయ వేరే గిన్నెలోకి తీసి మరీ జాడీ ఇచ్చింది. ఆవకాయ జాడీ అయినా ఎవరికైనా ఇస్తుందేమో గానీ, మాగాయ జాడీ మీద కోడళ్ళను చెయ్యి వేయనిచ్చేది కాదు.

జాడీ మీద అన్నింటికంటే బాగుంది. రొద మాత్రం పోలేదు. వారం వారం పాట వినడం, పాట అవగానే నాయనమ్మతో సహా అందరం జాడీని తిట్టడం...

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం ప్రసాదు కొత్త స్పీకర్లు కొంటానని నన్ను రాజమండ్రి తీసుకెళ్ళాడు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లట, పుస్తకాల అరలో పట్టేవి. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ఇప్పుడు గొంతు వణుకుతోంది, మునుపటిలా పాడలేకపోతోంది. తన పాట తనకు ఒక్కసారైనా శుభ్రంగా వినిపించాలని వాడి కోరిక. క్యాసెట్ లోని పాట ఫోన్‌లోకి ఎక్కించి తెచ్చాడు.

షాపతను రెండు జతలు పెట్టాడు. నల్లవి పెద్దవి. చెక్కరంగువి చిన్నవి. అతని దగ్గరున్న డప్పుల పాటేదో వేశాడు. నల్లవి మోగుతుంటే ప్రసాదు కాలు ఆడింది.

"ఇవేనక్కా. ఇంకేం చూడక్కర్లేదు."

"వాటికి సౌండు ఎక్కువ పెట్టారు," అన్నాను. "రెండూ సమానంగా పెట్టించు. మన పాట వేయించు."

"పాత రికార్డింగు కదండీ," అన్నాడు షాపతను. "మంచి స్పీకర్లో వేస్తే అందులో లోపాలన్నీ బయటపడతాయండి మేడమ్ గారూ."

"పడనివ్వండి."

నల్లవాటిలో అమ్మ గొంతు వచ్చింది. వెనకే రొద, ఎప్పటిలాగే. ప్రసాదు ముఖం చిన్నబోయింది.

చిన్నవాటిలో వేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

అమ్మ ఊపిరి తీసుకోవడం వినిపించింది. వెనక రొద... అది రొద కాదు. పాట పైకి వెళితే పైకి వెళుతోంది. కిందికి దిగితే దిగుతోంది. అమ్మ కంటే అర క్షణం వెనగ్గా, మూసిన నోటితో ఎవరో కూనిరాగం తీస్తున్నారు. పాట అయిపోయాక, టేపు ఆగే ముందు, తాపీగా తాంబూలం నమిలిన చప్పుడు.

ప్రసాదు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా... ఈవిడా!"

షాపతను కంగారుపడ్డాడు. "ఏమైందండీ, నచ్చలేదాండీ?"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చివరికి ప్రసాదే అన్నాడు. "ఇవే కట్టించండి బాబూ."

"డప్పు తక్కువరా వీటిలో," అన్నాను.

"ఉండనీ అక్కా."

ఇంటికెళ్ళి అమ్మకు వినిపించాం. మొదట అర్థం కాలేదు. రెండోసారి వేసేసరికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"పెదవి విప్పనంది... విప్పలేదే మీ నాయనమ్మ. మాట తప్పలేదు. పైగా మీ చేత అన్ని కుండలు మార్పించింది చూడు."

ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ పాట ఎత్తుకుంది. వణికే గొంతుతోనే. మేమందరం అర క్షణం వెనగ్గా గొంతు కలిపాం. ఎవరూ ఎవరినీ పాడొద్దనలేదు.

ఇప్పటి ఫోన్లు పక్క చప్పుళ్ళన్నీ వాటంతటవే తీసేసి రికార్డు చేస్తాయట. శుభ్రంగానే ఉంటుంది... ఆ రోజు మా ఇంట్లో అలాంటి ఫోనుంటే ఆ పాటలో నాయనమ్మ ఉండేది కాదు.

మీ ఇంట్లోనూ పాత క్యాసెట్లుంటే ఒకసారి వేసి వినండి. వెనక వినిపించేది ఎవరో... నాకూ చెప్పండి.