నంజప్ప జాగ్రత్త

యలహంకలో వడ్రంగి నంజప్పకు చెక్క కోసే కటింగ్ మిషనంటే ప్రాణం. ప్లగ్గు పీకనిదే బ్లేడు తాకడు. బ్లేడును కప్పే గార్డు తనంతట తాను మూసుకుంటోందో లేదో పొద్దున్నే నాలుగుసార్లు లాగి వదిలి చూస్తాడు. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా, మంగళహారతి ముందు నిలబడ్డట్టు, అడుగు కదపడు.

అల్మారా చేయించుకుందామని వచ్చిన గీతాంజలి ఇదంతా చూసి ముచ్చటపడింది. అంతలో అతని చూపుడువేలికి కొస లేకపోవడం ఆమె కంటబడింది.

"అయ్యో, ఈ మిషన్ వల్లేనా? ఇంత సేఫ్‌గా వాడతారే!" అంటూ, పని అప్పజెప్పాలా వద్దా అన్నట్టు వెనక్కి తగ్గింది.

నంజప్ప ముఖం చిన్నబోయింది.

"దీన్నేమీ అనొద్దు మా. పన్నెండేండ్లుగా ఒక గీత పడనీలేదు. పోయిన ఆయుధపూజకు దీనికే దిష్టి తీసి, గుమ్మడికాయ కోస్తా ఉంటే కత్తి జారింది. ఆ పొద్దు దీని ప్లగ్గు పీకేసే ఉండాది."