నాన్న కాలి వాపు, సలోమి మేడం

ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ఉడికిన మాంసం రసం వాసన వస్తుంది. బాక్టీరియాకు మేము పెట్టే తిండి అది. ఆ వాసన తగిలితే నాకు తిరువూరు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన సలోమి మేడం గుర్తొస్తారు. కాలేజీలో సామాను లేక, ఆవిడ ఇంట్లోనే మటన్ ఎముకలు కాచి, రసం సీసాలో పోసి తెచ్చేవారు. “మనకి నచ్చేదే వాటికీ నచ్చుతుంది,” అని నవ్వేవారు.

నేను ఆవిడ దగ్గర చదువుతున్న ఏడు పత్తి చేలో నాన్న కాలికి మోడు గుచ్చుకుంది. మర్నాటికి పాదం ఎర్రబడి, వాపు పిక్క దాకా పాకింది. ఆయన పసుపూ వేపాకూ కట్టుకుని, పత్తితీత అయ్యాక చూద్దామన్నాడు. క్లాసులో నాకు ఏడుపు ఆగలేదు. సంగతి అడిగి తెలుసుకున్న మేడం సాయంత్రం నాతోపాటు ఇంటికి వచ్చి కట్టు విప్పించారు.

“వాన పడేట్టుంది మేడం గారూ. పత్తి తడిసిపోద్దండి,” అన్నాడు నాన్న.

“పత్తి తడిస్తే ఆరబెట్టుకోవచ్చండి. ఈ ఎరుపు తొడకెక్కితే కాలే ఉండదు. లేవండి.”

విజయవాడ బస్సులో ఆవిడ కూడా ఎక్కారు. ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టినా మరుసటి రోజుకు వాపు ఇంకా పెరిగింది. మందు పనిచేయడం లేదేమోనని భయపడ్డాను. మేడం నన్ను వరండాలో కూర్చోబెట్టారు.

“మందు సూక్ష్మజీవిని చంపుతుందమ్మా. అది అప్పటికే వదిలిన విషం ఉంటుందిగా? ఒక కణంలో దూరి, అక్కణ్ణించి పక్క కణంలోకి పోతుంది. దెబ్బతిన్న కణాలు కేకేస్తే రక్తంలో కాపలా కణాలన్నీ పరిగెత్తుకొస్తాయి. ఆ తోపులాటే ఈ వాపు, ఈ మంట. తగ్గడానికి కాస్త టైం పడుతుంది.”

“పక్క కణంలోకి ఎలా పోతుంది మేడం?”

“నాకు తెలియదు. చదువుకుని నువ్వే నాకు చెప్పు.”

తెలియనిది తెలియదన్న మనిషి కాబట్టే, వాపు తగ్గుతుందన్న ఆవిడ మాటను నమ్మగలిగాను. తగ్గింది. చేలో పత్తి చాలావరకు పాడైంది గానీ నాన్న కాలు దక్కింది.

ఆ ప్రశ్న పట్టుకునే నేను పరిశోధనలోకి వచ్చాను. చాలా ఏళ్ల తర్వాత తిరువూరు వెళ్లి, మైక్రోస్కోప్ కింద తీసిన వీడియో ఆవిడకు ఫోన్‌లో చూపించాను. కనబడాలని మేము మెరిసే రంగు కలిపిన విషం చిన్న బుడగలో కూర్చుని ఒక కణం నుంచి పక్కదానిలోకి పోతోంది. మేడం కళ్లజోడు సవరించుకుని మళ్లీ మళ్లీ చూశారు.

“సంచిలో పెట్టుకుని పోతుందన్నమాట! అన్ని విషాలూ ఇంతేనా?”

“తెలియదు మేడం.”

“మరి ఇక్కడ కూర్చున్నావేంటి? వెళ్లి చూడు,” అని నవ్వుతూ నా వీపు తట్టారు.

మేడం ఇప్పుడు లేరు. అన్ని విషాలూ ఇంతేనా అన్న ఆవిడ ప్రశ్న మీదే నేను రోజూ పనిచేస్తున్నాను.