పది గంటల అలారం, ఐదో పిల్ల

ఆ శనివారం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. లేకపోతే ప్రయాణం హాయిగా సాగిందని రాసి ఊరుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం. ఫోన్ బయట పెట్టి రమ్మన్న చోటికి దాన్ని జేబులో దాచుకుని వెళ్లాను. అంతకంటే పెద్ద తప్పు, ఆ నింద ఒక చిన్నపిల్ల తన మీద వేసుకుంటుంటే నోరు మెదపకుండా నిలబడ్డాను.

నేనూ నా భార్య సుజాతా అమెరికాలో మేముండే ప్లేనోలో ఇంటి నుంచి ఉదయం ఆరూ నలభైకి బయలుదేరాం. వేకో ఊరు దాటి అరగంట వెళితే ఒక జంతు సంరక్షణ కేంద్రం ఉంది. కారు దిగకుండానే జిరాఫీలనీ జీబ్రాలనీ చూడొచ్చు. వారాంతాల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి, వెళ్లేవారు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మమ్మల్ని రమ్మన్నది మాత్రం శ్రావణి. సుజాత చిన్ననాటి స్నేహితురాలి కూతురు, హనుమకొండ అమ్మాయి. మాస్టర్స్ పరిశోధన కోసం అక్కడి ఆఫ్రికా అడవి కుక్కలను గమనిస్తోంది. ఆమె మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, "కుక్కల మీద చదివితే హెచ్-1 వీసా ఎవరు చేస్తారమ్మా?" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. సుజాత ఊరుకోలేదు.

ఎనిమిదింటికి దారిలో పెట్రోలు పోయించుకుని, కారులోనే కారప్పొడి ఇడ్లీలు తిని, కాఫీ తాగాం. తొమ్మిదికి గేటు దగ్గర ఉన్నాం. టికెట్లు చూసిన పెద్దావిడ జంతువులకి పెట్టే గింజల సంచి ఇస్తూ, "అద్దాలు సగమే దించండి, ఆస్ట్రిచ్‌లకి మర్యాద తెలీదు" అంది. నిజమే. రెండో మలుపులోనే ఒకటి తల లోపలికి దూర్చి సుజాత ఒళ్లోని సంచి లాక్కుపోయింది. సుజాత చాలాసేపు నవ్వింది.

తొమ్మిదీ ముప్పావుకి శ్రావణి మమ్మల్ని కంచె పక్కనున్న చిన్న చెక్కగదికి తీసుకెళ్లింది. గోడలో సన్నటి చీలికల్లోంచి చూడాలి. గుమ్మం దగ్గర ఫోన్లు పెట్టే పెట్టె ఉంది. సుజాత తన ఫోన్ అందులో పెట్టింది. నాది సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఒక్క వీడియో పెట్టాలని నా ఆశ.

ఎదురుగా గుట్టలో బొరియ, దాని ముందు కుక్కలు. గుండ్రటి పెద్ద చెవులు, ఒంటి మీద నలుపు, తెలుపు, పసుపు మరకలు. ఏ రెండింటి మరకలూ ఒకలా ఉండవట, వాటిని బట్టే గుర్తు పడతారు. కాగితాల్లో వాటికి నంబర్లే, శ్రావణి మాత్రం తెలుగు పేర్లు పెట్టుకుంది. పక్కటెముకల మీద తెల్లటి నెలవంక ఉన్నది జాబిల్లి, తొలిచూలు తల్లి, ఐదు పిల్లలు. వెనక కాలు ఈడ్చేవాడు కుంటోడు.

"వాడు సరిగ్గ ఉరకలేడు ఆంటీ. అయినా మిగిలినోళ్లు తిన్నది కక్కి వాడికి పెడ్తరు" అంది గుసగుసగా. "అడవిల అయితే వేటకి పోయే ముందు తుమ్ముతయ్. తుమ్ములు ఎక్కువైతేనే గుంపు కదుల్తదంట."

"మన దగ్గర ఒక్క తుమ్ముకే ప్రయాణం ఆగిపోతుంది" అంది సుజాత.

ఇద్దరూ నోరు మూసుకుని నవ్వుకున్నారు. సరిగ్గా అప్పుడు పది అయింది.

నా బీపీ మాత్రకి పదింటికి అలారం పెట్టుకున్నాను. ఏ పనిలో ఉన్నా వినపడాలని సన్నాయి పెట్టుకున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుందని నాకు తట్టనే లేదు. పెళ్లి సన్నాయి ఆ గదంతా మోగిపోయింది. నేను జేబు తడుముకునేలోగా కుక్కల చెవులన్నీ మావైపు తిరిగాయి. జాబిల్లి ఒక పిల్లను నోట కరుచుకుని ఇంకో బొరియ వైపు పరుగెత్తింది. మళ్లీ వచ్చి రెండోది, మూడోది, నాలుగోది తీసుకుపోయింది. ఐదోదాని కోసం రాలేదు. అది ఎండలో పొట్ట మీద పాకుతూ ఉండిపోయింది.

శ్రావణి ముఖం పాలిపోయింది. ఎక్కువసేపు ఉంటే ఇంకా బెదురుతాయని మమ్మల్ని బయటికి తెచ్చింది. అప్పటికే ఆ మోత విని ఆమె పరిశోధన గైడ్ డాక్టర్ హెలెన్ జీపులో వచ్చేసింది.

"ఫోన్ ఎవరిది?" అని అడిగింది.

"నాదే" అంది శ్రావణి.

ఇంటికొచ్చిన పెద్దవాణ్ని పరాయివాళ్ల ముందు చిన్నబుచ్చకూడదని ఆ పిల్ల అలా అంది. నాకు అర్థమైంది. అర్థమయ్యీ మాట్లాడలేదు. "పిల్లలు పెద్దయ్యేదాకా నువ్వు ఈ గదిలోకి రావద్దు" అంది హెలెన్. అంటే ఆమె పరిశోధన సగంలో ఆగినట్లే.

"ఏం కాదంకుల్, మీరు పొయిరండి" అంది శ్రావణి.

పదీ నలభైకి బయలుదేరాం. వేకో దాకా వచ్చాం. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సుజాత కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గట్టిగా తుమ్మింది. జలుబు లేదు, దుమ్మూ లేదు.

"తుమ్మాను. ఇక ముందుకెలా వెళ్తారు?" అంది.

బండి వెనక్కి తిప్పాను.

పన్నెండింటికి హెలెన్ గదిలో నిలబడి, ఫోన్ నాదనీ, కావాలనే దాచాననీ, ఆ అమ్మాయి నన్ను కాపాడిందనీ చెప్పాను. ఈ దేశం వచ్చిన ముప్పై ఏళ్ల తర్వాత నా ఇంగ్లిష్ మళ్లీ తడబడింది. హెలెన్ కోప్పడలేదు. ఐదో పిల్ల సంగతి తనకింకా తెలియదంది. గుట్ట మీది కెమెరా రికార్డింగ్ చూడటానికి మనుషులు లేరట.

"నేను చూస్తాను" అన్నాను.

శ్రావణిని పిలిపించింది. ఆ అమ్మాయి మరకల ఫొటోల కాగితమూ, ఒక ఖాళీ పట్టికా నా ముందు పెట్టి, "ఎవరు ఏం చేసిన్రో టైమేసి రాయాలె అంకుల్, ఊహించి రాయొద్దు" అంది. పది గంటల వరుసలో "అలారం" అని రాసి, కారణం అన్నచోట నా పేరు రాశాను. తర్వాత ఎండలో ఆ పిల్ల పాకడం, ఆగడం, మళ్లీ పాకడం. పదీ నలభై ఏడు దగ్గర కాలు ఈడ్చుకుంటూ ఒకటి తెర మీదికొచ్చింది. పిల్లను మెడ దగ్గర జాగ్రత్తగా పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ కొత్త బొరియ దాకా మోసుకెళ్లింది. కాగితంలో వెతకనక్కర్లేకపోయింది.

"కుంటోడు" అన్నాను. శ్రావణి కళ్లు తుడుచుకుంది.

ఇకపై చుట్టాలు రాకూడదని షరతు పెట్టి హెలెన్ ఆమెకు గది తిరిగి ఇచ్చింది. మూడింటికి బయలుదేరి, మిగిలిన ఇడ్లీలు కారులోనే తిని, సాయంత్రం ఐదున్నరకి ఇల్లు చేరాం. దారిలో సుజాత నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత నాకు డ్రైవింగ్ బరువనిపించలేదు.

అప్పటి నుంచి ప్రతి శనివారం ఉదయం శ్రావణి పంపే రికార్డింగులు చూసి టైము వేసి రాస్తున్నాను. అలారం తీసేశాను. మాత్ర టిఫిన్ ప్లేటు పక్కన పెట్టుకుంటున్నాను. మొన్నటి కాగితంలో ఐదు పిల్లలనీ విడివిడిగా గుర్తు పట్టి రాశాను. ఐదోదాని చెవి మీద తెల్లచుక్క ఉంది. దానికి పేరు పెట్టమని శ్రావణి అడిగింది. ఆ హక్కు కుంటోడిదని చెప్పాను.