మూల నుంచి మూలకు నూలు

నా చిన్నప్పుడు, మైదుకూరు దగ్గర మా పల్లెలో ఒకే ఒక్క కారు ఉండేది. అది మా నాయన తండ్రిది, అంటే మా జేజినాయనది. మగ్గాల మీద నేసిన చీరలు ఊరూరికీ తీసుకుపోయి అమ్మేవాడాయన. ఎవరో దొర వాడి వాడి విసుగెత్తి వదిలేసిన కారును కొన్నాడు. మా నాయన కంటే అదే వయసులో పెద్దదని నా అనుమానం. అది మా వాకిట్లో బయల్దేరితే నందికొట్కూరులో కోళ్లు గంపల కిందికి దూరేవి.

ఒక వేసవి సోమవారం, అడ్డొచ్చిన మేకను తప్పించబోయి, చేనికి కంచెగా నిలువునా పాతిన కడప బండను గుద్దాడు మా జేజినాయన. బండకు గీత పడలేదు. కారుకు మాత్రం ఎడమవైపు మూతి పచ్చడయింది. ఎడమ దీపం చుక్కల్ని లెక్కపెడుతోంది. మడ్‌గార్డు కాలిన అప్పడంలా ముడుచుకుంది. రేడియేటర్లో నీళ్లు కారిపోయి ఆ చేనికి ఒక తడి పెట్టినంత పనయింది. తప్పు మేకదేనని జేజినాయన కడదాకా వాదించాడు.

అయితే ఆ వారం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. మా జేజికి, అంటే నాయనమ్మకు, రెండు కళ్లకూ పొర కమ్మి రెండేళ్లయింది. మద్రాసు నుంచి వచ్చిన కళ్ల డాక్టరు కడప ఆసుపత్రిలో శనివారం దాకానే ఉంటాడని కబురొచ్చింది. ఎద్దులబండి కట్టించుకుని పోదామంది జేజి. ఎద్దులబండి కడపకు పోగలదు గానీ, జేజినాయన పౌరుషం అందులో పట్టదు. కారు పెట్టుకుని బండెక్కితే నలుగురిలో తలెట్లా ఎత్తుకునేదని ఆయన బాధ.

ఊళ్లో మెకానిక్ లేడు. గిన్నెలకు కళాయి పూసే సాయిబు ఉన్నాడు. చిల్లు బిందెను అతికేవాడు రేడియేటర్ను అతకలేడా అని జేజినాయన ధీమా. నిజంగానే అతికాడు. మంగళవారం సాయంత్రానికి చుక్క కారడం లేదు. బుధవారం మడ్‌గార్డు కూడా సాగింది. చిక్కంతా బానెట్ దగ్గర వచ్చింది. కుడిపక్క మూస్తే ఎడమపక్క నా పిడికిలి దూరేంత సందు. ఎడమపక్క కొట్టి దించితే కుడిపక్క లేచి కూర్చునేది. ఆ రెండు రోజుల్లో దాని మీద పడిన సుత్తి దెబ్బలతో శ్రీశైలం కొండకు కొత్తగా మెట్లు తొలిచి ఉండొచ్చు.

"నీ చేతిలోనే ఏందో లోపముండాది సాయిబూ!" అని జేజినాయన ఎగిరేవాడు.

"నా చేతులు బాగనే ఉండాయి పెద్దాయనా. ఆ మేకను పిలిపించి అడుగు," అనేవాడు సాయిబు, తల ఎత్తకుండా.

పంచలో మంచం మీద కూర్చున్న జేజి బుధవారం నుంచీ ఒకటే అడుగుతోంది, మూలలు కొలిచినారా అని. సాయిబు సుత్తి ఆగలేదు. గురువారం సాయంత్రం మూడోసారి అడిగేసరికి జేజినాయనకు ఎక్కడలేని కోపమొచ్చింది. "కండ్లు కనపడని దానివి, కారు సంగతి నీకేం తెలుస్తాది? గమ్మునుండు!" అని అరిచాడు. ఆమె గమ్మునుండిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున్నే జేజి నా భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చేతిలో నూలు కండె ఉంది. నన్ను కారు కిందికి దూరమంది. చట్రం ముందరి ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు నూలు లాగించి, అక్కడికి ముడి వేసింది. అదే నూలును ముందరి కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు పట్టించింది. ముడి అందలేదు. మిగిలిన సందును వేళ్లతో తడిమి చూసింది. బెత్తెడు తేడా.

"మగ్గం గుంజలు పాతేటప్పుడు మూల నుంచి మూలకు నూలు పట్టి చూస్తాం. రెండూ సరిగా రాకుంటే ఎంత బాగా నేసినా గుడ్డ వంకరే," అంది. "నువ్వు కొడతాండేది గుడ్డను సాయిబూ. వంకర మగ్గంలో ఉండాది."

సాయిబు సుత్తి కింద పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు. అంటే బిగించినవన్నీ మళ్లీ ఊడదీయాలి. దీపం, మడ్‌గార్డు, రేడియేటర్, మూడు రోజుల చాకిరీ అరగంటలో మట్టిలోకి వచ్చింది. జేజినాయన ముఖం చూడలేక కాకులు కూడా గోడ దిగిపోయాయి. కారు వెనక భాగాన్ని రెండు బండలకు గొలుసుతో కట్టారు. చట్రాన్ని కొలిమి నిప్పుతో కాల్చి, ముందరి ఎడమ మూలను ఎద్దులతో లాగించారు. ఏ ఎద్దుల వెనక కూర్చోనన్నాడో వాటినే జేజినాయన బతిమాలి అదిలించాడు. లాగిన ప్రతిసారీ జేజి నూలు పట్టి చూసింది. పొద్దుగూకేసరికి ముడి రెండుపక్కలా ఒకేచోట ఆగింది. అన్నీ మళ్లీ బిగించాక బానెట్, ఎవరూ ఏమీ అనకుండానే, దానంతటదే మూసుకుంది.

శనివారం మేము కడప చేరేసరికి డాక్టరు పెట్టె సర్దుకుంటున్నాడు. జీవితంలో ఎవరికీ దణ్ణం పెట్టని మా జేజినాయన రెండు చేతులూ జోడించాడు. ఒక కంటికి ఆపరేషన్ చేసి వెళ్లిపోయాడు డాక్టరు. రెండో కంటికి వ్యవధి లేదు. ఎద్దులబండిలో బుధవారమే పోయి ఉంటే రెండూ అయ్యేవి.

కొన్నాళ్లకు కట్టు విప్పి అద్దాలు పెట్టినాక ఇంటికి పోదామని ఆమెను బయటికి తీసుకొచ్చాం. కారును ఎగాదిగా చూసి, "ఏమయ్యా, మళ్లా గుద్దినావా?" అని అడిగింది. మేమంతా పగలబడి నవ్వాం. జేజినాయన నవ్వలేదు. ఆమె చేయి పట్టుకుని, ఆ చూపు రాని కన్ను ఉన్న వైపే ఊరి దాకా కూర్చున్నాడు. కారు మా నాయన తోలాడు.

ఇప్పటికీ ఏ పనైనా ఎంత కొట్టినా దారికి రాకపోతే, ముందు నాకూ కోపమే వస్తుంది. సుత్తి కిందపెట్టి, ఇంట్లో ఎవరు రెండుమూడు సార్లు ఏదో చెప్పబోయి ఊరుకున్నారో గుర్తు తెచ్చుకుంటాను. వాళ్ల దగ్గరికి పోయి, ఇందాక ఏమన్నావని అడుగుతాను. అలిగి ఉంటారు, సగంసార్లు చెప్పరు. చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.