పడుకుని చెప్తానన్న పరుపు

ముప్పై ఏళ్లుగా పరుపులు కుట్టడమే మేస్త్రి పని. దూది పిడికిట్లోకి తీసుకుంటే చాలు, అది ఎన్నాళ్లకు గడ్డకడుతుందో చెప్పేసేవాడు. ఇంగ్లీషు మాత్రం అరకొరగానే వచ్చు. ఆ అరకొరను దాచుకునే రకమూ కాదు.

ఒకరోజు పొద్దున్నే ఒక ఆఫీసరమ్మ కొట్టుకొచ్చింది. కొత్త పరుపును నొక్కింది, గిల్లింది, అంచు కుట్లు లాగి చూసింది. చివరికి ఆఫీసు అలవాటు కొద్దీ, "ఐ విల్ స్లీప్ ఆన్ ఇట్" అనేసి వెళ్లిపోయింది.

"ఏమంటుంది?" అంది లోపల దూది ఏకుతున్న భార్య.

"పడుకుని చూసి చెప్తుందట."

"పరుపు ఇక్కడుంటే ఆవిడెక్కడ పడుకుంటుంది?"

ఆ మాటకు తిరుగులేదనిపించింది మేస్త్రికి. పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని, ఇల్లు వాకబు చేసుకుంటూ బయల్దేరాడు. తీరా చూస్తే మూడో అంతస్తు. మెట్ల మలుపులో పరుపు ఇరుక్కుపోతే, కిందింటాయన వచ్చి వెనకనుంచి తోయాల్సి వచ్చింది.

తలుపు తీసింది ఆఫీసరమ్మ తల్లి. కూతురే పంపిందనుకుని, కూతురి గదిలో మంచం చూపించింది. పరుపు పరవగానే ఒకసారి నడుం వాల్చి చూద్దామని ఒరిగింది. అంతే, గుర్రు మొదలు.

తలుపు బార్లా వదిలేసి ఎలా పోవడం? మేస్త్రి గడప దగ్గరే కూలబడ్డాడు. సాయంత్రం ఆఫీసరమ్మ వచ్చి, ఆయన్నీ పరుపునూ చూసి తెల్లబోయింది.

"దానిమీద పడుకుంటానన్నారు కదమ్మా" అన్నాడు.

"అయ్యో మేస్త్రిగారూ, అలా అంటే తొందరపడకుండా రేపటిదాకా ఆలోచించి చెప్తానని అర్థం."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "తీసుకుపోతానమ్మా" అంటూ పరుపు చివర పట్టుకున్నాడు.

ముసలావిడ కళ్లు తెరవకుండానే, "ఆర్నెల్లుగా నడుం నొప్పితో కునుకు లేదు నాకు. ఎవరయ్యా ఆ లాగేది?" అంది.

మేస్త్రి పరుపు చివర వదిలేశాడు.

మర్నాడు ఆఫీసరమ్మ నడుం పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ కొట్టుకొచ్చింది. "అది అమ్మకే ఉంచేశానండీ. అలాంటిదే నాకింకోటి కుట్టండి."

ఈసారి పొరపాటు పడకూడదని మేస్త్రి గట్టిగానే అడిగాడు. "బాగా ఆలోచించుకున్నారా అమ్మా?"

"పడుకునే ఆలోచించానండీ, అమ్మ పాత పరుపు మీద. ఇన్నాళ్లూ ఆవిడ ఎలా భరించిందో."

మేస్త్రి భార్యను కేకేసి, మేలు రకం దూది తీయమన్నాడు.